గేమింగ్ హెడ్‌సెట్ కొనేముందు విడదీయగలిగే భాగాలు చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు ఎచ్చెర్ల దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటూ, రాత్రిపూట స్నేహితులతో కలిసి కంప్యూటర్లోనూ ఫోన్లోనూ గేములు ఆడుతున్నారు. మొదట కొన్న హెడ్‌సెట్‌లో కుడి చెవి వైపు శబ్దం ఆగిపోయింది, రెండోదాని హెడ్‌బ్యాండ్ కీలు దగ్గర పగిలిపోయింది, ఇప్పుడు వాడుతున్న మూడోదాని కుషన్లు నల్లగా పొట్టు రాలుతున్నాయి. అయిదు వేల రూపాయల లోపల గట్టిది దొరుకుతుందా, లేక ఇంకొంత కూడబెట్టి పది వేలు పెట్టి వైర్‌లెస్ కొంటే ఈ బాధ తప్పుతుందా అన్నది మీ సందేహం.

విజయనగరంలో చాలాకాలంగా ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు చేస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. అసలు పాడవని హెడ్‌సెట్ అంటూ ఏ ధరలోనూ ఉండదు కనుక దానికోసం వెతకడం మానుకోండి. పాడయ్యే భాగాన్ని మాత్రమే తీసి, కొత్తది బిగించుకోవడానికి వీలున్న హెడ్‌సెట్‌ను వెతకండి. మీ మూడు హెడ్‌సెట్లలోనూ చెడింది ఒక్కో చిన్న భాగమే అయినా, ఆ భాగం విడిగా రాదు కాబట్టి మొత్తం పారేయవలసిన స్థితి వచ్చింది. పది వేల వైర్‌లెస్ కొన్నా ఈ తేడా గమనించకుండా కొంటే, రెండు మూడేళ్లకు మళ్లీ ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది, కాకపోతే అప్పుడు నష్టం ఇంకా పెద్దది.

మా బల్ల మీదికి వచ్చే హెడ్‌సెట్లలో స్పీకరు కాలిపోయి వచ్చేవి చాలా అరుదు. శబ్దం పుట్టించే ఆ పలుచని పొర, దాని వెనక ఉండే తీగచుట్ట, అయస్కాంతం మామూలు వాడకంలో ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ఒక చెవి వినిపించడం లేదంటే పదింట తొమ్మిది సార్లు వైరు తెగిందనే అనుకోవచ్చు. అది కూడా ఎక్కడపడితే అక్కడ తెగదు. జాక్ మొదట్లో, లేదంటే వైరు చెవి కప్పులోకి దూరే చోట, అంటే మెత్తని వైరు గట్టి ప్లాస్టిక్‌లో కలిసే సరిహద్దులో తెగుతుంది. వైరు వంగిన ప్రతిసారీ ఆ సరిహద్దులో అదే బిందువు వద్ద రాగి పోగులు వంగి, బిగుసుకుని, ఒక్కొక్కటిగా విరుగుతూ ఉంటాయి. అందుకే మొదట వైరు కదిపితే వచ్చి పోతూ ఉండే శబ్దం కొన్ని వారాల తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. ఆ చోట పొడవైన, మెత్తని రబ్బరు తొడుగు ఉంటే వంపు ఒక్క బిందువు మీద పడకుండా రెండు మూడు సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది. కొనేటప్పుడు ఆ తొడుగును వేళ్లతో వంచి చూడండి. అది కర్రలా గట్టిగా ఉంటే అలంకారానికి పెట్టిందే తప్ప రక్షణకు కాదు.

వైరు మీద దారంతో అల్లిన తొడుగు ఉంటే గట్టిదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఆ అల్లిక పైపొర చీలకుండా, కుర్చీ చక్రాల కింద పడినప్పుడు ఒరుసుకుపోకుండా కొంత కాపాడుతుందన్నది నిజమే గాని, లోపలి రాగి పోగులు వంగి విరగడాన్ని అది ఆపలేదు. పైగా ఆ పోగులు వెంట్రుకల్లా సన్నగా, ఒక్కొక్కదాని మీద రంగు ఎనామిల్ పూతతో, మధ్యలో నైలాన్ దారంతో కలిసి ఉంటాయి. ఆ పూతను వేడితో కాల్చి తొలగించకపోతే టంకం అంటదు. ఇంటి వైరింగు చేసేవారి చేత అతికించుకున్న హెడ్‌సెట్లు వారం తిరగకుండా మళ్లీ రావడానికి కారణం ఇదే. తెలిసినవారు చేస్తే అది పావుగంట పని.

కనుక నేను చూడమనే మొదటి లక్షణం, చెవి కప్పు దగ్గర వైరు ఊడి వచ్చేలా ఉండడం. అలాంటి హెడ్‌సెట్‌లో వైరు తెగితే మరో వైరు కొని గుచ్చుకుంటే సరిపోతుంది. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు కప్పులో సాకెట్‌ను లోతుగా, ఇరుకు కన్నంలో పెడతాయి. అప్పుడు బజారులో దొరికే మామూలు 3.5 మిల్లీమీటర్ల వైరు తల లావై లోపలికి దూరదు, ఆ కంపెనీ వైరే కావాలి. మరికొన్నింట్లో 2.5 మిల్లీమీటర్ల జాక్‌ను గుచ్చి తిప్పితే తాళంలా పడుతుంది. ఇది ఊడిపోదు, మంచి పద్ధతే, కానీ దీనికీ సరిపడే వైరు విడిగా దొరుకుతుందో లేదో హెడ్‌సెట్ కొనకముందే ఆన్‌లైన్‌లో వెతికి చూసుకోవాలి. మైకు కూడా గుచ్చి తీసేలా ఉంటే మేలు. సంచిలో వేసుకుని బస్సులో ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ముందుగా విరిగేది ఆ మైకు కాడే.

యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనాలా, 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్నది కొనాలా అన్న విషయంలో నా మొగ్గు స్పష్టంగా జాక్ వైపే. యూఎస్‌బీ రకంలో కంప్యూటర్ సంకేతాన్ని శబ్దంగా మార్చే చిప్పు హెడ్‌సెట్ లోపలో, వైరు మధ్యలో ఉన్న డబ్బాలోనో ఉంటుంది. అది చెడితే చాలావరకు బాగుచేయడం కుదరదు. జాక్ రకానికి అవసరమైతే అదే పని చేసే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు విడిగా తగిలించుకోవచ్చు, అది పోతే మరొకటి కొనుక్కోవచ్చు. మీరు ఫోన్లో కూడా ఆడతానన్నారు కనుక నాలుగు వలయాలున్న జాక్ కావాలి. అందులో రెండు వలయాలు ఎడమ, కుడి శబ్దాలకు, ఒకటి ఎర్తుకు, ఒకటి మైకుకు ఉంటాయి. పాత కంప్యూటర్లలో మైకుకు, స్పీకరుకు వేర్వేరు రంధ్రాలుంటాయి. అక్కడ రెండుగా చీలే వైరు ముక్క వాడకపోతే అవతలివారికి మీ మాట వినిపించదు, మైకు పాడైందనుకుని మా దగ్గరికి తెచ్చేవారిలో కొందరి సమస్య ఇంతమాత్రమే.

ఇక హెడ్‌బ్యాండు. మీ రెండో హెడ్‌సెట్ పగిలిన చోటే చాలామందివీ పగులుతాయి: చెవి కప్పును పట్టుకునే చేయి తిరిగే కీలు దగ్గర, లేదా పొడవు పెంచే జారుడు పట్టీ చివర. తల మీద పెట్టుకుంటున్నంతసేపూ హెడ్‌బ్యాండు రెండు వైపులకూ సాగి ఉంటుంది, ఆ ఒత్తిడంతా సన్నటి ఆ భాగం మీదే పడుతుంది. అక్కడ ప్లాస్టిక్ ఉంటే నేడో రేపో గీత పడుతుంది. లోహంలా మెరిసే రంగు పూసిన ప్లాస్టిక్ చాలా ఉంది గనుక ఫొటో చూసి నమ్మకండి. చేతిలోకి తీసుకునే అవకాశం ఉంటే వేలితో తాకండి, లోహం చల్లగా తగులుతుంది. మామూలు ఉక్కు అయితే అయస్కాంతానికి అంటుకుంటుంది, అల్యూమినియం అంటుకోదు గాని గోటితో కొడితే ప్లాస్టిక్ లాంటి మొద్దు చప్పుడు రాదు. హెడ్‌బ్యాండు లోపల ఉక్కు పట్టీ ఉందని పెట్టె మీద రాసి, కప్పును పట్టే చేయి మాత్రం ప్లాస్టిక్‌తో చేసినవీ ఉన్నాయి. లోహం ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు, ఎంతవరకు ఉందని చూడాలి. బయటికి కనిపించే మరలు ఉండడం మంచి గుర్తు. మరలున్నదాన్ని విప్పి బాగుచేయవచ్చు, జిగురుతో అతికించినదాన్ని విప్పాలంటే పగలగొట్టాలి.

మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని మరో కారణం తలకు రాసుకునే నూనె. ఇలాంటి పరికరాల్లో విరివిగా వాడే ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లు ఒత్తిడిలో ఉన్నప్పుడు నూనెలు, కొన్ని రసాయనాలు తగిలితే మామూలుకన్నా తొందరగా పగుళ్లు చూపిస్తాయి. ఒత్తిడి లేని చోట అదే నూనె ఏమీ చేయకపోవచ్చు, కానీ సాగి ఉన్న కీలు దగ్గర చేస్తుంది. నూనె రాసుకోవద్దని చెప్పడం నా పని కాదు. తల మీద ఒక పలుచని నూలు గుడ్డ వేసుకోవడమో, హెడ్‌బ్యాండుకు గుడ్డ తొడుగు కుట్టించుకోవడమో చేయవచ్చు. ఆడడం అయిపోయాక పొడి గుడ్డతో తుడిచి, మేకుకు తగిలించండి. కుర్చీ వెనక భాగానికి సాగదీసి తగిలిస్తే రాత్రంతా అది తల మీద ఉన్నట్టే.

కుషన్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తీరప్రాంతంలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. తోలులా కనిపించే ఆ కుషన్ల మీద ఉండేది గుడ్డకు అంటించిన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. గాలిలోని తేమ, చెమట, వేడి కలిసి ఆ పూతలోని అణువుల గొలుసులను నెమ్మదిగా తెంచుతాయి. దీన్ని జలవిశ్లేషణ అంటారు. అందుకే అది చిరగదు, పొట్టుగా రాలుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వేసవి ఉక్కపోత తగ్గకముందే వానలు మొదలై, అక్టోబరు తుపానుల దాకా గాలిలో తడి ఆరదు కాబట్టి పొడి ప్రాంతాల్లో ఎక్కువకాలం మన్నే కుషన్ మన దగ్గర తొందరగా రాలిపోతుంది. వాడకుండా పెట్టెలో దాచినా తేమ మాత్రం దాని పని అది చేస్తూనే ఉంటుంది. కాబట్టి రెండు మార్గాలు. వెల్వెట్ లాంటి గుడ్డ కుషన్లున్నది ఎంచుకుంటే పొట్టు రాలే బాధ ఉండదు, చెవులకు గాలి ఆడుతుంది. బయటి ఫ్యాను చప్పుడు కొంచెం ఎక్కువగా లోపలికి వస్తుందన్నదే లోటు, అప్పుడప్పుడు తీసి ఉతుక్కోవాలి కూడా. లేదా తోలు రకమే కొని, సైకిలుకు టైరు మార్చినట్టు ఏడాదికో రెండేళ్లకో కుషన్లు మార్చుకోవడానికి సిద్ధపడాలి. రెండో మార్గంలో ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఆ మోడల్‌కు కుషన్లు విడిగా అమ్మకంలో ఉండాలి, కుషన్ అంచు కప్పు గాడిలో ఇమిడేదిగా ఉండాలి. జిగురుతో అంటించిన కుషన్ ఉన్న హెడ్‌సెట్‌ను ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

సముద్రం పక్క ఊళ్ల వాళ్లకు, అంటే కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఉండేవారికి ఇంకొక మాట. ఉప్పు గాలికి జాక్ మీది పూత మాసి, తిప్పినప్పుడల్లా గరగర చప్పుడు వస్తుంది. బంగారు పూత ఉన్న జాక్ వల్ల శబ్దం మెరుగవుతుందన్నది అమ్మకానికి చెప్పే మాటే అయినా, తుప్పు పట్టకుండా ఉండడానికి మాత్రం అది నిజంగా ఉపయోగపడుతుంది. గరగర మొదలైతే మందుల దుకాణంలోనో మొబైల్ విడిభాగాల దుకాణంలోనో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో జాక్ తుడవండి. ఉప్పుకాగితంతో గీకితే ఉన్న పూత కూడా పోతుంది.

వైర్‌లెస్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. వైరు లేకపోవడం వల్ల వైరు తెగే సమస్య పోతుంది, దాని స్థానంలో బ్యాటరీ సమస్య వస్తుంది. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తర్వాత పట్టు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. వేడి గదిలో నిత్యం నూరు శాతం నింపి ఉంచితే ఇంకా ముందే తగ్గుతుంది. బ్యాటరీని వినియోగదారుడే మార్చుకోగల గేమింగ్ హెడ్‌సెట్లు చాలా తక్కువ. స్టీల్‌సిరీస్ ఆర్కటిస్ నోవా ప్రో వైర్‌లెస్‌కు రెండు బ్యాటరీలు ఇచ్చి, ఒకటి వాడుతుంటే మరొకటి చార్జి అయ్యే ఏర్పాటు చేశారు, కానీ దాని ధర మీరు అనుకుంటున్న పది వేలను చాలా దాటుతుంది. ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి చిన్న పరికరాల బ్యాటరీలు వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమలుకు వస్తోంది. దాని వల్ల మన మార్కెట్లో వచ్చే మోడళ్లూ మారితే మంచిదే, ఇప్పటికైతే దాని మీద ఆశ పెట్టుకుని కొనలేం. హెడ్‌సెట్‌కు శబ్దం పంపడానికి కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ రేడియో పుల్ల పోగొట్టుకుంటే చాలా మోడళ్లలో హెడ్‌సెట్ మొత్తం నిరుపయోగమవుతుంది, హాస్టల్లో అది పోవడం ఎంత సులభమో మీకే తెలుసు. బ్లూటూత్ మీద నడిపితే శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది, తుపాకి గేములకు అది పనికిరాదు. తప్పనిసరిగా వైర్‌లెస్సే కావాలంటే, బ్యాటరీ చచ్చినా జాక్ వైరు గుచ్చి వాడుకోగలిగేది తీసుకోండి.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 50 మిల్లీమీటర్ల డ్రైవరు (అంటే లోపలి స్పీకరు), 7.1 సరౌండ్ (చుట్టూ నుంచి వినిపించినట్టుండే శబ్దం), రంగురంగుల దీపాలు మన్నికకు సంబంధించినవి కావు. దీపాలకు అదనంగా వైర్లు, విద్యుత్తు కావాలి కాబట్టి చెడడానికి మరో చోటు ఏర్పడుతుంది, అంతే.

మోడళ్ల పేర్లు చెప్పకుండా వదిలేస్తే సమాధానం అసంపూర్ణం అవుతుంది కనుక నాకు తెలిసినవి చెబుతాను. ధరలు పండగ అమ్మకాలకు ఒకలా, మామూలు రోజుల్లో ఒకలా ఉంటాయి కాబట్టి వాటిని మీరే సరిచూసుకోండి. హైపర్‌ఎక్స్ క్లౌడ్ టూ 2015లో వచ్చిన పాత మోడల్; అల్యూమినియం చట్రం, ఊడే మైకు, మార్చుకోగల కుషన్లు ఉండడం వల్ల నేటికీ నిలబడింది. దాని లోటల్లా వైరు కప్పుకు శాశ్వతంగా బిగించి ఉండడమే. అదే కంపెనీ 2017లో తెచ్చిన క్లౌడ్ ఆల్ఫాలో ఆ లోటు సరిచేసి వైరును ఊడేలా చేశారు కాబట్టి, రెండూ దగ్గర ధరల్లో దొరికితే నేను ఆల్ఫానే తీసుకోమంటాను. మీ బడ్జెట్ కొంచెం దాటినా ఇంకో నెల ఆగి కొనదగ్గది అదే. రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ఎక్స్ సుమారు 240 గ్రాములతో తేలికగా, కళ్లద్దాలున్నవారికి కూడా సుఖంగా ఉంటుంది, కానీ దాని వైరు ఊడదు.

గేమింగ్ అన్న పేరు లేని స్టూడియో హెడ్‌ఫోన్లను కూడా చూడమని నా గట్టి సిఫారసు. రికార్డింగ్ గదుల్లో రోజంతా వాడడానికి చేసినవి కాబట్టి వాటిలో విడిభాగాల ఆలోచన మొదటినుంచీ ఉంటుంది. ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం40ఎక్స్‌కు నేను పైన చెప్పిన తిప్పితే తాళం పడే వైరు ఉంటుంది, పెట్టెలోనే రెండు వైర్లు ఇస్తారు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మీ బడ్జెట్‌కు చాలా దూరమైనా ఉదాహరణగా చెప్పదగ్గది: ఆ హెడ్‌ఫోనుకు ఉక్కు హెడ్‌బ్యాండు, ఎక్కువ రకాలకు గుడ్డ కుషన్లు ఉంటాయి, భాగాలు విడివిడిగా అమ్ముతారు. అది 32, 80, 250 ఓముల (విద్యుత్ నిరోధానికి కొలత) రకాల్లో వస్తుంది. ఎవరైనా పాతది చవగ్గా ఇస్తామంటే 250 ఓములది తీసుకోకండి, ఫోనుకు తగిలిస్తే శబ్దం చాలా తక్కువగా వస్తుంది. వీటిలో మైకు ఉండదు గనుక చొక్కాకు పెట్టుకునే చిన్న మైకో, బల్ల మీద పెట్టుకునే యూఎస్‌బీ మైకో విడిగా కొనాలి. మైకు చెడితే మైకు ఒక్కటే మార్చుకుంటారు, నాకు ఈ ఏర్పాటు నచ్చడానికి కారణం అదే.

ఏది కొన్నా దానితోపాటు అర మీటరు పొడవున్న నాలుగు వలయాల ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి కొనండి. దాన్ని ల్యాప్‌టాప్‌కు శాశ్వతంగా గుచ్చి ఉంచి, హెడ్‌సెట్‌ను దాని చివర తగిలించండి. ఎవరి కాలైనా వైరుకు తగిలినప్పుడు ఆ అతుకు దగ్గర ఊడిపోతుంది తప్ప ల్యాప్‌టాప్ సాకెట్ విరగదు, హెడ్‌సెట్ జాక్ వంగదు. మూడు వలయాలది పొరపాటున కొంటే మైకు పనిచేయదు, కాబట్టి గుచ్చే ముందు వలయాల మధ్య ఉండే నల్ల గీతలు మూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

వారంటీ విషయంలో ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. విరిగినవి, వైరు తెగినవి భౌతిక నష్టమని, కుషన్లు అరిగేవని చెప్పి తిప్పి పంపడం మామూలే. అయినా పేరున్న అమ్మకందారు దగ్గర మీ పేరుతో బిల్లు తీసుకుని, పెట్టె మీది సీరియల్ నంబరు ఫొటో తీసి దాచండి, సర్వీసు విశాఖపట్నంలో చేస్తారా, కొరియర్ ఖర్చు ఎవరిదన్నది కొనకముందే అడగండి. వారంటీ షరతుల్లో ఉన్నదాన్ని కూడా నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. చాలా సందర్భాల్లో ఆ ఫిర్యాదు సంఖ్య పంపగానే కంపెనీ మాట మారుతుంది.

మీ దగ్గరున్న మూడింటినీ పారేయలేదని రాశారు గనుక, కొత్తది కొనకముందు వాటిని ఒకసారి బాగుచేసేవారికి చూపించండి. మొదటిదాన్ని తగిలించి, పాట పెట్టి, వైరును జాక్ దగ్గర మెల్లగా వంచండి. కుడి వైపు శబ్దం ఒక్క క్షణం వచ్చినా చాలు, లోపం అక్కడే. ఆ చోటికి రెండు అంగుళాల పైన కోసి కొత్త జాక్ వేయిస్తే పనిచేస్తుంది. జాక్ దగ్గర ఏమీ కదలకపోతే కప్పు దగ్గర అదే పరీక్ష చేయండి. రెండోదాని పగులుకు తక్షణం ఆరే సూపర్ జిగురు వాడితే అది గాజులా గట్టిపడి మళ్లీ అక్కడే విరుగుతుంది. రెండు గొట్టాల్లో వచ్చే ఎపాక్సీ జిగురు కలిపి, పగులుకు అడ్డంగా సన్నని ఉక్కు తీగ ముక్క వేసి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. మూడోదానికి కుషన్ కొలత తీసుకోండి. కప్పు బయటి అంచు ఎత్తు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలిచి ఆ కొలతతో వెతికితే వేరే కంపెనీవైనా సరిపోయేవి దొరుకుతాయి. కప్పు అంచున గాడి లేకుండా నునుపుగా ఉంటే మాత్రం కొలత పంపే ముందు ఒక ఫొటో ఇక్కడ పెట్టండి, పట్టే పద్ధతి చూసి చెబుతాను.